ఒవటోన్నా బ్యాంకు కట్టిన సలివన్

మినియాపోలిస్ నుంచి ఐ-35 మీద దక్షిణంగా గంటసేపు వెళ్తే ఒవటోన్నా అనే చిన్న ఊరొస్తుంది. మా అబ్బాయి సాకర్ మ్యాచ్‌కి వెళ్లినప్పుడు కాస్త టైముందని డౌన్‌టౌన్‌లో తిరిగాను. పార్కు ఎదురుగా, మూలమీద ఎర్ర ఇటుకల పెద్ద నగలపెట్టెలాంటి బ్యాంకు. రెండు వీధుల వైపూ రెండు పెద్ద కమాను కిటికీలు. లోపలికెళ్తే రంగు అద్దాల్లోంచి ఆకుపచ్చని వెలుగు, గోడమీద పాడి ఆవుల చిత్రం! రైతుల డబ్బు దాచే చోటుకి ఇంత అందమా అనిపించింది.

కట్టినాయన లూయీ సలివన్. 1856లో బోస్టన్‌లో పుట్టారు. షికాగోలో డాంక్‌మార్ ఆడ్లర్‌తో కలిసి ఆడిటోరియం, సెయింట్ లూయిస్‌లో వెయిన్‌రైట్ భవనం కట్టి ఆకాశహర్మ్యాలకు దారి చూపారు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు.

1893 ఆర్థిక సంక్షోభంతో పనులు ఆగిపోయాయి. 1895లో ఆడ్లర్ ఒక లిఫ్టుల కంపెనీలో చేరారు. కొన్ని నెలలకే తిరిగొచ్చి మళ్లీ కలుద్దామంటే సలివన్ ఒప్పుకోలేదు. పంతం అనాలో, అభిమానం అనాలో గానీ, నష్టపోయింది మాత్రం ఆయనే. క్లయింట్లను తెచ్చిపెట్టే మనిషి దూరమయ్యాక పెద్ద పనులు అరుదైపోయాయి.

అలాంటి రోజుల్లో, 1906లో, ఒవటోన్నా బ్యాంకరు కార్ల్ బెన్నెట్ ఉత్తరం రాశారు. సలివన్ వ్యాసం ఒకటి చదివి, తమ ఊరి బ్యాంకు ఈయనే కట్టాలనుకున్నారు. నగరాల్లోని కంపెనీలు మరిచిపోయిన మనిషిని చిన్న ఊరు వెతుక్కుంటూ వెళ్లిందన్నమాట. 1908కి బ్యాంకు సిద్ధమైంది.

అందులోని అలంకారం చాలావరకు జార్జ్ ఎల్మ్‌స్లీ చేతి పని. దాదాపు ఇరవయ్యేళ్లు సలివన్ దగ్గర పనిచేసిన ఆయన్ని 1909లో జీతమివ్వలేక పంపించాల్సి వచ్చింది. మా కోడ్‌లో ఏ లైను ఎవరు రాశారో రికార్డుంటుంది. బ్యాంకు చూడ్డానికొచ్చేవాళ్లకు తెలిసే పేరు మాత్రం సలివన్ ఒక్కరిదే.

అదే ఏడాది సలివన్ ఇంటి సామాను, పుస్తకాలు వేలంలో అమ్ముకున్నారు. భార్య వెళ్లిపోయారు. తాగుడూ ఎక్కువైంది. అయినా అయోవా, ఒహాయో, ఇండియానా ఊళ్లలో బ్యాంకులు కడుతూనే ఉన్నారు. చివరిది విస్కాన్సిన్‌లోని కొలంబస్‌లో, 1919లో. పని చిన్నదని ఎక్కడా చెయ్యి తేలిక చేయలేదు. సెడార్ రాపిడ్స్‌లోది కాస్త సాదాగా ఉంటుందంటారు, నేనింకా చూడలేదు.

1924 ఏప్రిల్ 14న షికాగోలో ఒక హోటల్ గదిలో, మిత్రుల సాయం మీద బతుకుతూ పోయారు. 1926లో బెన్నెట్ బ్యాంకూ దివాలా తీసింది. భవనం మాత్రం నిలిచింది. 1981లో పోస్టల్ స్టాంపు మీదికీ ఎక్కింది.

ఈసారి షికాగో వెళ్లేటప్పుడు మాడిసన్ దగ్గర దారి మళ్లించి కొలంబస్ చూడాలి. అబ్బాయిని ఒప్పించాలి ముందు.