గంట కొట్టే బొమ్మలు చేసిన బానిస – జాంగ్ యోంగ్‌సిల్

పీజీ హాస్టల్లో మేం నలుగురం ఒకే ఫోను ముందు కూర్చుని కొరియా సీరియళ్లు చూసేవాళ్లం. వాళ్ల బట్టలు, తిండి, పెద్దలకు నడుం వంచి దండం పెట్టే తీరు మొదట్లో వింతగా అనిపించాయి. 2016లో కేబీఎస్ టీవీ ప్రసారం చేసిన ‘జాంగ్ యోంగ్‌సిల్’ సీరియల్ చూశాకే, అక్కడా పుట్టుకను బట్టి మనిషిని తూచిన రోజులున్నాయని తెలిసింది. సీరియల్లో కల్పన కలుస్తుంది కనుక, చరిత్రకు అందిన మేరకే ఆయన జీవితాన్ని ఇక్కడ చెబుతున్నాం.

అది 15వ శతాబ్దం, జోసోన్ రాజ్యం. ఇప్పుడు బూసాన్ నగరంలో కలిసిన డోంగ్నేలో ఆయన ప్రభుత్వ బానిస. తండ్రి చైనా నుంచి వచ్చినవాడు. తల్లి గీసెంగ్, అంటే అధికారుల విందుల్లో ఆడిపాడే స్త్రీ. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే. ఆయన ఏనాడు పుట్టాడో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆయన పనితనాన్ని తేజోంగ్ రాజు గుర్తించాడు. తేజోంగ్ కొడుకు సెజోంగ్ ఇంకా ఆదరించి ఉద్యోగం ఇవ్వబోతే, గీసెంగ్ కొడుక్కి పదవేమిటని ఒక మంత్రి అడ్డు చెప్పాడు. రాజు వేరే మంత్రులను సంప్రదించి పదవి ఇచ్చాడు.

ఆ రోజుల్లో నీటి గడియారం దగ్గర మనిషి కాపలా ఉండి వేళ చెప్పాలి. పొరపాటు పడితే శిక్ష తప్పదు. ఆ బాధ తప్పించడానికి యోంగ్‌సిల్ కొత్త గడియారం చేశాడు. తొట్టిలో నీరు పెరిగేకొద్దీ లోపలి కర్ర పైకి లేచి గుండ్లను దొర్లిస్తుంది. ఆ గుండ్ల బరువుకు కొయ్యబొమ్మలు కదిలి గంట, డోలు, జేగంట మోగిస్తాయి. 1434 నుంచి రాజ్యమంతటికీ అదే ప్రమాణ కాలమైంది.

1442లో ఆయన పర్యవేక్షణలో తయారైన రాజు పల్లకి విరిగింది. అప్పటికి రాజు అందులో ఎక్కనే లేదు. అయినా నూరు దెబ్బల శిక్ష పడింది. రాజు దయతో అది ఎనభై అయింది. ఉద్యోగం పోయింది. ఆ తరవాత ఎలా బతికాడో, ఎక్కడ చనిపోయాడో చరిత్రలో ఒక్క మాట కూడా లేదు. 2007లో మాత్రం సియోల్ మ్యూజియంలో ఆ గడియారాన్ని మళ్లీ తయారు చేసి నిలబెట్టారు.

ఈ కథ చూసిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆయన్ని పైకి తెచ్చింది రాజు దయ. ఎనభై దెబ్బలు మిగిల్చిందీ ఆ దయే. మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మాకు ఈ హాస్టల్లో దొరికిన మంచం, కంచం ఎవరి దయా కాదు. అంబేద్కర్ మహాశయుడు రాజ్యాంగంలో మనకు రాసిపెట్టిన హక్కు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు ఉదయం హాస్టల్ గంట మోగినప్పుడు ఒక్కసారి యోంగ్‌సిల్‌ని తలుచుకుని, తలెత్తుకుని తరగతికి వెళ్లండి.