‘రైల్ గాడీ’ పాట రాసింది మన హైదరాబాదీనే.. బెజవాడ ఎంపీ కూడా!

హైదరాబాద్: 1968 నాటి ‘ఆశీర్వాద్’ సినిమాలో అశోక్ కుమార్ పిల్లల కోసం గుక్క తిప్పుకోకుండా పాడిన ‘రైల్ గాడీ’ గుర్తుందా? మచిలీపట్నం, ఒంగోలు లాంటి మన ఊళ్లూ అందులో రైలులా పరుగెడతాయి. రాసింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడికి తమ్ముడు. నాంపల్లిలోని గోల్డెన్ త్రెషోల్డ్ వాళ్ల ఇల్లే. 1898లో హైదరాబాద్‌లో పుట్టారు. 1952లో విజయవాడ నుంచి ఇండిపెండెంట్‌గా లోక్‌సభకు గెలిచారు.

ఆ మాజీ ఎంపీయే 1969లో సత్యజిత్ రే ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’లో మాంత్రికుడు బర్ఫీగా నవ్వించారు. రే తాత రాసిన పిల్లల కథకు సంగీతం కట్టింది కూడా రేనే. 1973లో పద్మభూషణ్ అందుకున్న హరీంద్రనాథ్, 1990లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పదవి ఐదేళ్లే.. పిల్లల పాట మాత్రం ఇంకా ఆగలేదు.