సబ్బునీటి ఆచార్యుడు మెక్‌బెయిన్

పూనాలో కాపురమున్న మన ఆంధ్రసోదరులలో నేషనల్ కెమికల్ లేబరేటరీ పేరు విననివారు అరుదు. 1950 జనవరి 3వ తేదీన నెహ్రూగారు ప్రారంభించిన ఆ సంస్థకు మొదటి డైరెక్టరు కెనడా దేశస్థుడైన జేమ్స్ విలియం మెక్‌బెయిన్ గారు. ఆయన జీవితంలో అధికభాగం సబ్బునీటి పరిశోధనలోనే గడిచింది.

1882లో జన్మించి, జర్మనీలో విద్య ముగించి, ఇంగ్లండులో బ్రిస్టల్ నగరాన ఆచార్యులైనారు. సబ్బునీటిలో విద్యుత్తు చక్కగా ప్రవహిస్తుంది. అనగా అందులో అయానులు కలవు. కాని ఆవిరి పీడనాన్ని కొలిస్తే ఉండవలసినన్ని విడికణాలు కనబడవు. ఈ చిక్కుతో ఆయన ఏళ్ళ తరబడి కుస్తీపట్టారు. సబ్బు అయానులు నీరు గిట్టని తోకలను లోపలికి ముడుచుకొని, విద్యుదావేశం గల తలలను నీటివైపు ఉంచి గుంపులు కడతాయని తేల్చారు. వాటికే మిసెల్ అని పేరు. ఒకే ఆవేశం గలవి ఎట్లా కలుస్తాయని లండను సభలో ఒక పెద్ద ఆ మాటను కొట్టివేశారట! ఆయన కొలతలు మానలేదు. నిజానికి కాస్త ఉప్పు వేస్తే గుంపులు మరింత సులభంగా ఏర్పడతాయి. ఉప్పులోని సోడియం అయానులు ఆ తలల వికర్షణను తగ్గిస్తాయి గదా.

తరువాత అమెరికాలో స్టాన్‌ఫర్డు చేరి, వేగంగా పోయే కత్తితో నీటి పైపొరను చెక్కితీసి, తలతన్యతను తగ్గించే పదార్థం అక్కడ ఎక్కువగా చేరుతుందని తూచి చూపారు. నీటిని చెక్కడం! ఆ ఓపిక ఆయనకే చెల్లింది.

ఉద్యోగవిరమణ అనంతరం, అరవై ఏడేళ్ళ వయస్సులో పూనా వచ్చి కొత్త ప్రయోగశాలను నిలబెట్టారు. 1953 మార్చిలో పరమపదించారు.