కారులో వైర్‌లెస్ పెట్టుకుని ఎడారికి వెళ్లిన పాస్టర్



చిన్నప్పుడు సైకిల్‌కి స్టాండు వేసి, వెనక చక్రానికి డైనమో ఆనించి, చేత్తో పెడల్ తిప్పి లైటు వెలిగించిన జ్ఞాపకం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. సైకిల్ అంగుళం కూడా కదలదు. కానీ చక్రం తిరుగుతున్నంతసేపూ లైటు వెలుగుతుంది. సరిగ్గా ఇదే పనిని 1925లో ఒక పాస్టర్ ఆస్ట్రేలియా ఎడారి దారిలో కారుతో చేశాడు. ఆయన వెలిగించాలనుకున్నది లైటు కాదు, వైర్‌లెస్ సెట్టు. ఆయన పేరు జాన్ ఫ్లిన్.

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో మీ బంధువులెవరైనా ఉంటే అక్కడి 20 డాలర్ల నోటు ఫొటో తీసి పంపమనండి. ఒకవైపు కళ్లద్దాలు పెట్టుకుని కనిపించే పెద్దమనిషి ఈయనే. ఈ నెల ఆయన కథ చెప్పుకుందాం. మీ పిల్లలకూ చెప్పండి.

బడిపంతులు కొడుకు

ఫ్లిన్ 1880 నవంబర్ 25న విక్టోరియా రాష్ట్రంలోని మోలియాగుల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. ఫ్లిన్‌కి మూడేళ్లు నిండకముందే తల్లి చనిపోయింది. స్కూలు చదువు బాగానే సాగినా యూనివర్సిటీకి పంపే స్తోమత ఇంట్లో లేదు. దాంతో తనూ టీచరు పనిలో చేరాడు. తర్వాత మతబోధకుడిగా శిక్షణ పొంది 1911లో ప్రెస్బిటేరియన్ పాస్టర్ అయ్యాడు.

ఆయనకు రెండు విషయాల మీద మనసు పోయింది. ఒకటి ఫొటోగ్రఫీ, రెండోది ప్రథమ చికిత్స. ఊళ్లకు దూరంగా పశువుల పాకల్లో, గనుల్లో పనిచేసేవాళ్ల కోసం 1910లో ఒక చేతిపుస్తకం రాసి ఉచితంగా పంచాడు. డాక్టరు అందుబాటులో లేనప్పుడు ఏం చేయాలో అందులో ఉంది.

ఆ రోజుల్లో ఆస్ట్రేలియా లోపలి ప్రాంతం ఎలా ఉండేదో ఒక లెక్కతో ఊహించుకోండి. మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపితే సుమారు 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. దానికి ఆరేడు రెట్లున్న ప్రాంతానికి అక్కడ ఇద్దరే డాక్టర్లు. పక్క ఇల్లంటే ఒక రోజు ప్రయాణం. రాత్రి పూట బిడ్డకి జ్వరం వస్తే ఆ తల్లి ఎవరిని పిలవాలి? ఎలా పిలవాలి?

1912లో చర్చి తరఫున ఆస్ట్రేలియన్ ఇన్‌లాండ్ మిషన్ అనే సంస్థ మొదలైంది. ఫ్లిన్ దానికి అధిపతి అయ్యాడు. చనిపోయేదాకా, 39 ఏళ్ల పాటు అదే బాధ్యతలో ఉన్నాడు. మారుమూల చోట్ల ఒక్కొక్కటిగా నర్సింగ్ కేంద్రాలు తెరిచాడు. కానీ ఆ కేంద్రం దాకా రోగి ఎలా వస్తాడన్న ప్రశ్న మిగిలే ఉంది.

తంతి ఉంది, డాక్టరు రాలేదు

1917లో జరిగిన ఒక సంఘటన ఆ దేశాన్ని కదిలించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీద నుంచి పడి, లోపలి గాయంతో హాల్స్ క్రీక్ అనే ఊరు చేరాడు. అక్కడ డాక్టరు లేడు. ప్రథమ చికిత్స తెలిసిన పోస్ట్‌మాస్టర్ ఒకాయన ఉన్నాడు, టెలిగ్రాఫ్ ఉంది. చాలా దూరంలో ఉన్న పెర్త్ నగరం నుంచి డాక్టరు మోర్స్ సంకేతాల్లో ఒక్కొక్క మెట్టూ చెబుతుంటే, పోస్ట్‌మాస్టర్ పెన్ను చాకుతో ఆపరేషన్ చేశాడు. తర్వాత ఆ డాక్టరే ఓడెక్కి, కారెక్కి, చివర్లో నడిచి అక్కడికి చేరాడు. అప్పటికి డార్సీ చనిపోయి ఒక రోజు అయింది.

ఫ్లిన్‌కి దీన్నుంచి రెండు విషయాలు అర్థమయ్యాయి. డాక్టరు వేగంగా రావాలి. అంతకంటే ముందు, డాక్టరుకు కబురు వేగంగా అందాలి. అదే ఏడాది క్లిఫర్డ్ పీల్ అనే యువ వైద్య విద్యార్థి, సైన్యంలో ఉంటూ, విమానాల్లో డాక్టర్లను పంపవచ్చని వివరంగా ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది ఆ కుర్రాడు ఫ్రాన్స్ యుద్ధభూమిలో చనిపోయాడు. ఫ్లిన్ ఆ ఉత్తరాన్ని తన పత్రికలో అచ్చువేశాడు, ఆలోచనను వదల్లేదు.

విమానం ఉంటే సరిపోదు కదా. పిలుపు అందాలంటే తంతి తీగ లేని ఇంట్లోనూ వైర్‌లెస్ ఉండాలి. అది ఆ ఎడారిలో పనిచేస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి.

జాకీ ఎత్తిన కారు

అందుకే 1925లో ఫ్లిన్, జార్జ్ టౌన్స్ అనే మాజీ సైనికుడితో కలిసి ఒక డాడ్జ్ కారులో వైర్‌లెస్ సామానంతా ఎక్కించుకుని అడిలైడ్ నుంచి ఉత్తరానికి బయల్దేరాడు.

వాహనంలో రెండువైపులా మాట్లాడే రేడియో బిగించే మెకానిక్ ఈ రోజుకీ నాలుగు ప్రశ్నలతోనే పని మొదలుపెడతాడు. కరెంటు ఎక్కణ్ణుంచి? ఏరియల్ ఎక్కడ? ఎర్త్ ఎలా? ఇంజిన్ స్పార్కుల వల్ల వచ్చే గరగర శబ్దాన్ని ఎలా తగ్గించాలి? పోలీసు జీపు మీద ఊగే ఆ పొడుగాటి కడ్డీ రెండో ప్రశ్నకి జవాబు. ఫ్లిన్ కాలంలో అన్నిటికంటే కష్టమైనది మొదటి ప్రశ్న. వినడానికి కొద్దిపాటి కరెంటు చాలు. మన సంకేతం వందల కిలోమీటర్లు వెళ్లాలంటే వందల వోల్టులు కావాలి. అప్పటి కారు బ్యాటరీ దీపాలకే తప్ప దానికి చాలదు.

కాబట్టి వాళ్లు ఆగిన చోటల్లా కారు వెనక చక్రం ఒకదాన్ని జాకీతో పైకి ఎత్తేవాళ్లు. ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వేస్తే, నేల మీదున్న చక్రం కదలకుండా, గాల్లో ఉన్నది మాత్రమే తిరుగుతుంది. ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గేర్ల పని అదే. ఆ చక్రానికి బెల్టు వేసి జనరేటర్‌ను తిప్పేవాళ్లు. మన సైకిల్ డైనమో ఆటే ఇది, కాస్త పెద్ద ఎత్తున. ఏరియల్ తీగ పైకి కట్టి, మోర్స్ మీట నొక్కి కబురు పంపేవాళ్లు.

కబురు వెళ్లింది. కానీ ఫ్లిన్ వెతుకుతున్నది ఇది కాదు. ఈ సెట్టు నడవాలంటే కారు ఉండాలి, పెట్రోలు ఉండాలి, మోర్స్ వచ్చిన ఆపరేటర్ ఉండాలి. ఆ మూడూ లేని ఇంట్లో, చంకలో జ్వరంతో ఉన్న బిడ్డతో, ఒక తల్లి ఒంటరిగా దాన్ని నడపగలగాలి. అప్పుడే ఉపయోగం. అందుకే కారు ప్రయోగం బాగానే జరిగినా ఆయన అక్కడితో ఆగలేదు.

చేతులు కాదు, కాళ్లు

ఆ యాత్రకు జనరేటర్ ఇచ్చింది ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే అడిలైడ్ ఇంజినీరు. పన్నెండేళ్ల వయసులోనే ఇంటికీ పనిముట్ల పాకకీ మధ్య సొంతంగా టెలిఫోన్ అమర్చుకున్న కుర్రాడు. 1926లో ఫ్లిన్ అతణ్ణి పనిలో పెట్టుకుని ఆలిస్ స్ప్రింగ్స్‌కి తీసుకువెళ్లాడు. అక్కడ ఒక స్టేషను, పడమరగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని హెర్మన్స్‌బర్గ్ అనే మిషన్‌లో ఇంకొకటి పెట్టారు. హెర్మన్స్‌బర్గ్ నుంచి సంకేతం అందింది. కానీ ఆ సెట్టు బరువైన బ్యాటరీల మీద నడిచింది. అలాంటి వాటిని ఎడారి దారుల్లో ఇంటింటికీ చేర్చడం, చెడిపోకుండా చూసుకోవడం అయ్యే పని కాదు.

ట్రేగర్ తిరిగి వెళ్లి వర్క్‌షాపులో కూర్చున్నాడు. చేత్తో తిప్పే జనరేటర్ చూశాడు. ఒక చెయ్యి దాన్ని తిప్పుతుంటే మోర్స్ మీట సరిగ్గా నొక్కడం కుదరదు. రెండో మనిషి కావాలి. ఆ ఇళ్లలో చాలాసార్లు రెండో మనిషే ఉండడు. చివరికి సైకిల్ పెడళ్లు బిగించాడు. కుర్చీలో కూర్చుని తొక్కితే సుమారు 300 వోల్టుల దగ్గర 20 వాట్ల కరెంటు తేలిగ్గా వచ్చింది. రెండు చేతులూ ఖాళీ. 20 వాట్లంటే ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు తీసుకునేంత. షార్ట్‌వేవ్ సంకేతాలు ఆకాశంలో పై పొరను తాకి తిరిగి నేలకు వస్తాయి కాబట్టి అంత తక్కువ శక్తితోనే వందల కిలోమీటర్లు వెళ్లగలిగాయి.

1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీ నుంచి మొదటి ఫ్లయింగ్ డాక్టర్ విమానం ఎగిరింది. వ్యవసాయ యంత్రాల వ్యాపారి హ్యూ విక్టర్ మెకే వీలునామాలో రాసిచ్చిన 2,000 పౌండ్లు ఆ పనికి అండ అయ్యాయి. విమానం క్వాంటాస్ నుంచి అద్దెకు తీసుకున్నది. అందులో రేడియో లేదు. పైలట్ నదులనూ కంచెలనూ చూసుకుంటూ నడపాలి. అయినా మొదటి ఏడాదిలోనే 50 సార్లు ఎగిరి 225 మందికి వైద్యం అందించారు.

1929లో మొదటి పెడల్ రేడియో ఒక పశువుల కేంద్రానికి చేరింది. ఆ తర్వాత ట్రేగర్ ఊరూరా తిరిగి సెట్లు బిగించి, ఆ ఇళ్లలోని ఆడవాళ్లకు మోర్స్ నేర్పాడు. చాలామందికి అది కష్టమైంది. లోపం వాళ్లది అనుకోకుండా ట్రేగర్ యంత్రాన్ని మార్చాడు. 1930ల మొదట్లో టైప్‌రైటర్ లాంటి కీబోర్డు తయారుచేశాడు. అక్షరం నొక్కితే చాలు, మోర్స్ సంకేతం దానంతటదే వెళుతుంది. ఇంకొన్నేళ్లకు నేరుగా మాటే వెళ్లింది.

చెప్పకుండా దాటేయకూడని విషయం

పిల్లలకు గొప్పవాళ్ల కథ చెప్పేటప్పుడు లోపాలు కూడా చెప్పాలి. ఫ్లిన్ సేవలు ప్రధానంగా తెల్లజాతి వలసదారుల కోసమే నడిచాయి. ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉంటున్న ఆదివాసులను పట్టించుకోలేదన్న విమర్శ ఆయన బతికుండగానే వచ్చింది. 1951 మే 5న ఆయన సిడ్నీలో చనిపోయాక, చితాభస్మాన్ని ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఉంచారు. దాని మీద పెట్టిన పెద్ద బండరాయి, ఆదివాసులు పవిత్రంగా భావించే చోటు నుంచి వాళ్ల అనుమతి లేకుండా తెచ్చింది. 1999లో దాన్ని తిరిగి ఇచ్చి, స్థానిక ఆదివాసుల సమ్మతితో వేరే రాయి పెట్టారు.

ఆ రేడియో బడి అయింది

ఎడిలైడ్ మీత్కీ అనే రిటైర్డ్ స్కూల్ ఇన్‌స్పెక్టర్ 1940లలో ఆ ప్రాంతానికి వెళ్లి, అక్కడి పిల్లలు కొత్తవాళ్ల ముందు నోరు విప్పడానికి ఎంత సిగ్గుపడుతున్నారో గమనించారు. తోటి పిల్లలు లేరు, పలకరించే టీచరు లేరు. డాక్టరును పిలిచే రేడియోలోనే పాఠాలు ఎందుకు చెప్పకూడదని ఆమెకు తోచింది. 1951 జూన్ 8న ఆలిస్ స్ప్రింగ్స్‌లోని ఫ్లయింగ్ డాక్టర్ కేంద్రం నుంచి స్కూల్ ఆఫ్ ది ఎయిర్ మొదలైంది. ఫ్లిన్ చనిపోయి అప్పటికి నెల దాటింది, అంతే.

మొదట టీచరు మాట్లాడేవారు, పిల్లలు వినేవాళ్లు. త్వరలోనే ప్రశ్నలూ జవాబులూ మొదలయ్యాయి. పిల్లవాడు బటన్ నొక్కి మాట్లాడేవాడు, వదిలేసి వినేవాడు. ఎప్పుడూ చూడని పిల్లల గొంతులు ఒకరికొకరు గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

ఇవాళ మన దగ్గర స్కూలు యాప్ ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది, బస్సు ఎక్కడుందో చూపించే మ్యాపు ఉంది. బిడ్డ గురించిన కబురు క్షణంలో మనకు అందుతోంది. బిడ్డ చెప్పాలనుకున్నది కూడా అంత తేలిగ్గా మనదాకా వస్తోందా? సాయంత్రం ఇంటికి రాగానే హోంవర్క్, మార్కులు, ట్యూషన్ అని మన బటన్ మనమే నొక్కి పట్టుకుంటే, అవతలివైపు నుంచి ఏమీ వినపడదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఇంట్లోనో తాతగారి ఊళ్లోనో డైనమో ఉన్న పాత సైకిల్ దొరికితే స్టాండు వేసి, మీ అబ్బాయితోనో అమ్మాయితోనో పెడల్ తిప్పించండి. చక్రం చువ్వల్లో వేళ్లు పెట్టకుండా మీరు పక్కనే ఉండండి. నెమ్మదిగా తిప్పితే లైటు ఎలా ఉంది, వేగంగా తిప్పితే ఎలా ఉందో వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత ఫ్లిన్ కారు కథ చెప్పండి.

ఆ రాత్రి ఒక పది నిమిషాలు రేడియో ఆట ఆడండి. మాట్లాడడం అయ్యాక ఓవర్ అనాలి. అవతలివాళ్లు ఓవర్ అనేదాకా మధ్యలో మాట్లాడకూడదు. ముందు మాట్లాడే అవకాశం మీ పిల్లలకే ఇవ్వండి.