టిప్పూ సుల్తాన్ ఇనుప జువ్వలు

టిప్పూ సుల్తాన్ పేరు వినని ఇల్లు మనలో ఉండదు. 1990లో దూరదర్శన్‌లో ఆయన మీద సీరియల్ వచ్చిన రోజుల్లో టీవీ ఉన్న ఇంటి ముందు వాడంతా చేరేది. అయితే ఆయన గురించి చెప్పమంటే పిల్లలు పులి గురించి, కత్తి గురించి చెబుతారు. ఆయన సైన్యం వాడిన ఇనుప జువ్వల సంగతి చెప్పేవారు తక్కువ. నేనూ దాదాపు మరిచిపోయాను. గుర్తు చేసింది ఒక అట్ట రాకెట్.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మా బంధువుల కుర్రాడు సెలవులకు బాన్సువాడ వస్తూ చిన్న రాకెట్ కిట్ తెచ్చాడు. ఒక అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, తేలిక కర్రతో కోసిన మూడు రెక్కలు, పలుచని ప్లాస్టిక్ గొడుగు, కంపెనీలో మందు నింపి మూసిన వేలెడంత మోటారు. అంతే సరంజామా. వాడి చుట్టూ చేరిన పిల్లలు ఒక సాయంత్రమంతా రెక్కలకు జిగురు పెడుతూనే ఉన్నారు. మరునాడు ఉదయం గాలి లేని వేళ, వరి కోత అయిపోయిన మడిలో మూడడుగుల ఇనుప చువ్వ పాతి, దానికి రాకెట్‌ను తొడిగారు. మోటారులో సన్నని తీగ పెట్టి, పొడవైన వైరుతో బ్యాటరీకి కలిపి, అందరినీ దూరం జరిపి మీట నొక్కారు. రాకెట్ చువ్వ దాటిందో లేదో పక్కకు ఒరిగి, కాలువ గట్టు వైపు పోయి తుప్పల్లో పడింది. తీసి చూస్తే ఒక రెక్క వంకరగా అతికి ఉంది.

అప్పుడు ఒక పిల్లవాడు నన్ను అడిగాడు, టిప్పూ సుల్తాన్ రాకెట్లకు రెక్కలు ఉండేవా అని. ఉండేవి కావు. మరి అవి నేరుగా ఎలా పోయేవి? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆయన తాతగారి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఆయన తాత ఫతే ముహమ్మద్ ఆర్కాటు నవాబు కొలువులో బాణాలు వేసే యాభై మంది దళానికి నాయకుడు. బాణం అంటే ఇక్కడ విల్లుతో వేసేది కాదు. వెదురుకు కట్టి నిప్పంటించి వదిలే జువ్వను ఆనాటి వారు బాణమనీ, ఉర్దూ ఫార్సీలలో బాన్ అనీ అనేవారు. ఆయన కొడుకు హైదర్ అలీ కోలారు దగ్గరి బూదికోటలో పుట్టి, చదవను రాయను రాకపోయినా మైసూరు రాజ్యాన్ని చేతిలోకి తెచ్చుకున్నాడు. హైదర్ భార్య ఫక్రున్నిసా మన కడప కోట అధికారి మీర్ మొయినుద్దీన్ కూతురు. ఆ విధంగా టిప్పూ కడప ఆడబిడ్డ కొడుకు. 1750 ప్రాంతంలో బెంగుళూరు దగ్గర దేవనహళ్లిలో పుట్టిన ఆ పిల్లవాడికి ఆర్కాటులో దర్గా ఉన్న టిప్పూ మస్తాన్ ఔలియా పేరు పెట్టుకున్నారు.

తనకు లేని చదువును హైదర్ కొడుక్కి పట్టుబట్టి చెప్పించాడు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ, కన్నడం, వాటితో పాటు గుర్రపు స్వారీ, తుపాకీ. తర్వాతి కాలంలో శ్రీరంగపట్నం మహల్‌లో ఇంగ్లీషువారికి దొరికిన గ్రంథాలు సుమారు రెండు వేలు. వాటికి ఛార్లెస్ స్టీవార్ట్ అనే ఆయన 1809లో ఒక జాబితానే అచ్చు వేశాడు. యుద్ధాల మధ్యే బతుకంతా గడిపిన మనిషి అన్ని పుస్తకాలు చేర్చడం చిన్న సంగతి కాదు.

ఇక జువ్వ సంగతి. దీపావళికి వదిలే తారాజువ్వను అందరూ చూసే ఉంటారు. కాగితపు గొట్టంలో సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన మందు. అది మండితే పుట్టిన వేడి వాయువు కింది రంధ్రం గుండా వేగంగా బయటికి తన్నుకొస్తుంది, దాని ఎదురుతోపుకు గొట్టం పైకి పోతుంది. పక్కన కట్టిన పుల్ల తీసేస్తే అదే జువ్వ గిరగిరా తిరిగి ఎవరి మీదైనా పడుతుంది. బరువు సరితూగే చోటు ముందుకు, గాలి తాకిడి వెనక్కు ఉంటేనే జువ్వ ముక్కు తిప్పకుండా పోతుంది. పొడవాటి పుల్ల తోకలా వెనక ఉండి ఆ పని చేస్తుంది. కిట్‌లోని రాకెట్‌కు అదే పని మూడు రెక్కలు చేస్తాయి. టిప్పూ జువ్వకు రెక్కల బదులు వెదురు ఉండేదన్న మాట. ఇది విన్నాక పిల్లలు రాకెట్‌కు సరితూగే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పి చూశారు. ముక్కు ముందుకే నిలిస్తే ఎగరడానికి సిద్ధమైనట్టే.

జువ్వలు మన దేశంలో అంతకు ముందూ ఉన్నాయి. ఇతరుల జువ్వలకు లేనిది మైసూరు జువ్వకు ఉన్నది ఒక్కటే, ఇనుప గొట్టం. కాగితం గొట్టంలోనో వెదురు బొంగులోనో మందు గట్టిగా కూరితే అది పగిలిపోతుంది. కొట్టి సాగదీసిన మెత్తని ఇనుప రేకుతో చేసిన గొట్టం పగలకుండా లోపలి ఒత్తిడిని ఓర్చుకుంటుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ వాయువు వేగం పెరుగుతుంది, జువ్వ దూరం పోతుంది. కిలోమీటరు దాటి, కొన్ని రెండు కిలోమీటర్ల దాకా పోయేవని లెక్క. ఆ రోజుల్లో యూరప్‌లో ఎవరి దగ్గరా అలాంటి జువ్వ లేదు. కమ్మరి పనిలో మన వారి చేతివాటం అంతటిది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారన్న సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? మైసూరు జువ్వకు వాడింది ఆ ఉక్కు కాదు, మామూలు ఇనుమే. అయినా కొలిమి ముందు కూర్చున్న ఆ చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ సేనను హైదర్, టిప్పూ చుట్టుముట్టారు. ఇంగ్లీషు వారి మందుగుండు బండ్లు పేలిపోయాయి. జువ్వ తగిలే పేలాయని ఒక కథనం. కుంపిణీ సేన అక్కడ తుడిచిపెట్టుకుపోయింది, బెయిలీ ఖైదీ అయ్యాడు. ఆ యుద్ధం బొమ్మ శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఈనాటికీ చూడవచ్చు. ఆ యుద్ధం ముగియకముందే 1782 డిసెంబరు 7న హైదర్ అలీ మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. మలబారులో ఉన్న టిప్పూ పరుగున వచ్చి పగ్గాలు చేతపట్టాడు. 1784లో మంగుళూరు సంధితో ఆ యుద్ధం ముగిసింది.

పట్టానికి వచ్చాక ఆయన జువ్వలను తాతగారి నాటి ముతక ఆయుధంగా వదిలేయలేదు. ఫత్హుల్ ముజాహిదీన్ అనే సైనిక నిబంధనల గ్రంథం రాయించి, ఒక్కో కుషూన్‌కు, అంటే ఒక్కో పెద్ద దళానికి, రెండు వందల మంది బాణగాళ్లను నియమించారు. తండ్రి నాడు 1,200 మంది ఉన్న ఆ దళం ఈయన నాడు 5,000 వరకు పెరిగింది. గొట్టం లావును, గురి ఉన్న దూరాన్ని బట్టి జువ్వను ఎంత వాలుగా నిలపాలో ఆ సిపాయిలకు నేర్పేవారు. ఒకేసారి ఐదు నుంచి పది వదిలే బండ్లు కూడా చేశారు. జువ్వలు చేసే పనివారు ఉన్న పేటకు బెంగుళూరులో తారామండల్‌పేట అని పేరు. మన తారాజువ్వలోని తార అక్కడా ఉంది చూడండి.

జువ్వలే కాదు, పట్టుపురుగుల పెంపకం, కొత్త నాణేలు, కొత్త తూనికలు కొలతలు, ఓడలు, విదేశాలకు రాయబారాలు అన్నిటా ఆయన చెయ్యి పెట్టారు. అన్నీ నిలవలేదు. ఆయన పాలన అంతా పూలబాట అని నేను రాయను. కొడగు, మలబారు దండయాత్రల చేదు జ్ఞాపకం అక్కడి ప్రజల్లో నేటికీ ఉంది. 1791లో మరాఠా దండు శృంగేరి మఠాన్ని దోచుకుంటే ఆ మఠాన్ని నిలబెట్టడానికి సొమ్ము పంపిందీ ఆయనే. రెండూ జరిగినవే. ఒకటి చెప్పి ఒకటి దాచేవారిని నేను రెండు వైపులా చూశాను.

ఆయన పతనం అనగానే మన వారు మీర్ సాదిఖ్ ద్రోహం అని ఒక్క మాటలో తేలుస్తారు. అంత తేలిక కాదు. 1790లో మొదలైన యుద్ధంలో ఇంగ్లీషువారు, మరాఠాలు, హైదరాబాద్ నిజాం ముగ్గురూ ఒక్కటై మీద పడ్డారు. 1792 సంధిలో ఆయన సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు ఒప్పుకోవలసి వచ్చింది, ఇద్దరు చిన్న కొడుకులను తాకట్టుగా పంపవలసి వచ్చింది. అమ్మగారి ఊరు కడప అప్పుడే నిజాంకు పోయింది. 1800లో నిజాం దాన్ని మరికొన్ని సీమలతో కలిపి ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. దత్త మండలాలు, ఇప్పటి రాయలసీమ, అవే. 1799లో శ్రీరంగపట్నం మీదికి నడిచిన నిజాం సేనకు మీర్ ఆలం పెద్ద. హైదరాబాద్ జూపార్కు పక్కన ఉన్న మీర్ ఆలం చెరువుది ఆయన పేరే. మన బాన్సువాడ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. టిప్పూ మనవాడని చెప్పుకునేటప్పుడు మన ప్రాంతపు దండు ఏ వైపు నిలిచిందో కూడా పిల్లలకు చెప్పాలి కదా.

1799 ఏప్రిల్ 5 రాత్రి ఆర్థర్ వెల్లెస్లీ అనే యువ కర్నల్ సుల్తాన్‌పేట తోపు మీదికి దాడికి వచ్చాడు. చీకట్లో తుపాకుల నడుమ జువ్వలు మీద పడుతుంటే అతని దళం చెదిరి వెనక్కు పోయింది. తర్వాత నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఇతడే. అయితే మరునాడు ఎక్కువ బలంతో వచ్చి ఆ తోపును పట్టుకున్నాడు. జువ్వ బలం ఎంతో, దాని బలహీనత ఎంతో ఆ రెండు రోజుల్లోనే కనబడుతుంది. రాత్రివేళ గుర్రాలను, సిపాయిలను బెదరగొట్టేది, మందుగుండును అంటించేది. కానీ గురి నిలకడ లేదు, వెదురు కాస్త వంగినా దారి మారిపోయేది. కోట గోడను పగలగొట్టేది ఫిరంగే, జువ్వ కాదు. మే 2న ఇంగ్లీషు గుండు ఒకటి కోటలోని జువ్వల గిడ్డంగి మీద పడి అది కాస్తా పేలిపోయింది. మే 4 మధ్యాహ్నం కోట గోడకు పడిన గండిలోంచి శత్రువు లోపలికి వచ్చాడు. సుల్తాన్ పారిపోలేదు. ద్వారం దగ్గర సామాన్య సిపాయిల మధ్య పోరాడుతూ పడిపోయారు. అప్పటికి యాభై ఏళ్లు నిండలేదు. మరునాడు గుంబజ్‌లో తల్లిదండ్రుల పక్కన ఖననం చేశారు.

కోటలో వాడకానికి సిద్ధంగా ఉన్న జువ్వలు 700, ఖాళీ గొట్టాలు 9,000 దొరికాయి. కొన్నింటిని ఇంగ్లాండులోని ఊల్‌విచ్ ఆయుధశాలకు పంపారు. అక్కడ విలియం కాంగ్రీవ్ వాటిని విప్పి చూసి, గొట్టం కొలతలు, మందు పాళ్లు మార్చి మార్చి ప్రయోగాలు చేసి, ప్రతిదీ రాసి, అచ్చు వేశాడు. అతని రాకెట్లు 1807లో కోపెన్‌హాగన్ నగరాన్ని తగలబెట్టాయి. 1844లో విలియం హేల్ పుల్ల అవసరం లేని రాకెట్ చేశాడు. మైసూరు జువ్వలో ఇంగ్లీషువారు ఎంత నేర్చుకున్నారో మన దేశంలో శ్రద్ధగా వెదికి రాసినవారు ప్రొఫెసర్ రొద్దం నరసింహ, 1985లో. ఊల్‌విచ్‌లోని రెండు జువ్వల కొలతలు ఆయన రాతలో ఉన్నాయి. ఒకటి పది అంగుళాల గొట్టం, మూడడుగులు దాటిన కత్తికి తోలుతో కట్టినది. రెండోది ఎనిమిది అంగుళాలది, ఆరడుగుల పైచిలుకు వెదురుకు కట్టినది. అంతకు ఇరవై ఏళ్ల ముందే అమెరికాలోని వాలప్స్ రాకెట్ కేంద్రంలో శిక్షణకు వెళ్లిన అబ్దుల్ కలాం అక్కడి గోడ మీద టిప్పూ సేన జువ్వలు వదులుతున్న చిత్రం చూసి ఆశ్చర్యపోయారు. ఇక్కడ మనం మరిచినదాన్ని అక్కడి వారు గోడకు తగిలించుకున్నారు.

షిమోగా జిల్లాలో నగర అనే ఊరుంది. హైదర్ 1763లో గెలిచి హైదర్‌నగర్ అని పేరు పెట్టిన ఊరు అదే. అక్కడి ఎండిన బావిలో 2018 జులైలో తవ్వితే వెయ్యికి పైగా ఇనుప జువ్వలు తుప్పు పట్టి బయటపడ్డాయి. ఒక్కొక్కటి జానెడు పైన పొడవు. బురదలో మందు వాసన వచ్చిందని తవ్వినవారు చెప్పారు. రెండు వందల ఏళ్లు అవి అక్కడే ఉన్నాయి.

బాన్సువాడ మడిలో పిల్లలు వంకర రెక్కను ఊడదీసి, గొట్టం మీద దారంతో గీత కొట్టి, మళ్లీ అతికించారు. జిగురు ఆరడానికి ఒక పూట ఆగమంటే ఆగలేక వందసార్లు ముట్టుకున్నారు. ఆ పని పిల్లలు చేసుకోవచ్చు. మందు కూరే పని మాత్రం ఇంట్లో ఎవరూ చేయకూడదు, కంపెనీ మూసి ఇచ్చిన మోటారే వాడాలి, దగ్గర పెద్దలుండాలి. రెండోసారి మీట నొక్కితే రాకెట్ చువ్వ వదిలి నిట్టనిలువుగా పోయింది. ఒకటి రెండు క్షణాల్లో మందు అయిపోయింది, తర్వాత ఊపు మీద ఇంకా పైకి పోయి, అక్కడ చిన్న చప్పుడుతో ముక్కు ఊడి, గొడుగు విచ్చుకుంది. పిల్లలంతా దాని కింద చేతులు చాపి మడి గట్ల మీద పరుగెత్తారు.