ఫ్రిట్జ్ జ్వికీ

ఫ్రిట్జ్ జ్వికీ (ఫిబ్రవరి 14, 1898 - ఫిబ్రవరి 8, 1974) స్విట్జర్లాండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త. కోమా గెలాక్సీ సమూహాన్ని అధ్యయనము చేసి, విశ్వములో కంటికి కనిపించని పదార్థము ఉన్నదని మొదటగా లెక్క కట్టి చూపినవారిలో ఈయన ప్రముఖుడు.

బాల్యము, విద్య

జ్వికీ బల్గేరియాలోని వార్నా నగరములో జన్మించాడు. తండ్రి స్విస్ దేశస్థుడు. ఆరేళ్ళ వయసులో ఇతనిని చదువు నిమిత్తము స్విట్జర్లాండులోని గ్లారస్‌కు, తాతగారింటికి పంపారు. జ్యూరిక్‌లో ఉన్నత విద్య పూర్తిచేసి, 1925లో అమెరికా వెళ్ళి కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో చేరాడు. జీవితమంతా దాదాపు అక్కడే గడిపినా స్విస్ పౌరసత్వాన్ని వదులుకోలేదు.

కోమా సమూహము

కోమా బెరినిసిస్ నక్షత్రరాశి దిశలో, సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరములో వెయ్యికి పైగా గెలాక్సీలు గుంపుగా ఉన్నాయి. వాటిలో అత్యధికము దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. సమూహము మధ్యభాగములో ఎన్.జి.సి. 4889, ఎన్.జి.సి. 4874 అనే రెండు మహా దీర్ఘవృత్తాకార గెలాక్సీలు ఉన్నాయి. వీటిలో మొదటిదానిని విలియం హెర్షెల్ 1785లోనే కనుగొన్నాడు.

ఈ గెలాక్సీల వేగాలను హబుల్, హ్యూమసన్‌లు కొలిచారు. 1933లో జ్వికీ ఆ కొలతలను తీసుకొని ఒక సులువైన ప్రశ్న వేసుకున్నాడు. కనిపించే నక్షత్రాల ద్రవ్యరాశి మాత్రమే ఉంటే సమూహములోని గెలాక్సీల వేగాలలో తేడా సెకనుకు 80 కిలోమీటర్ల వరకు ఉండాలి. కొలిచి చూస్తే 1000 కిలోమీటర్లు దాటింది. అంత వేగముతో తిరిగే గెలాక్సీలు ఎప్పుడో చెల్లాచెదురు కావలసినది. అవి విడిపోకుండా పట్టి ఉంచుటకు కనిపించే దానికన్నా 400 రెట్లు పదార్థము కావాలని తేల్చి, దానికి కృష్ణ పదార్థము అని పేరు పెట్టాడు.

ఆ 400 అన్నది ఎక్కువ అంచనా. అప్పట్లో వాడిన హబుల్ స్థిరాంకము నేటి విలువకు సుమారు ఎనిమిది రెట్లు ఉండుట అందుకు ముఖ్య కారణము. గెలాక్సీల మధ్య అత్యంత వేడి వాయువు ఉన్నదని కూడా తరువాత ఎక్స్-కిరణాల పరిశీలనలో తెలిసింది. అయినా లోటు పూడలేదు. జ్వికీ మాటను మాత్రము దాదాపు నలభై ఏళ్ళపాటు ఎక్కువమంది పట్టించుకోలేదు. 1970లలో వెరా రూబిన్ తదితరులు సర్పిల గెలాక్సీల భ్రమణాన్ని కొలిచిన తరువాతనే ఈ సమస్య అందరి దృష్టికి వచ్చింది.

ఇతర కృషి

1934లో వాల్టర్ బాడేతో కలిసి, సూపర్నోవా పేలుడు తరువాత న్యూట్రాన్ తార మిగులుతుందని ప్రతిపాదించాడు. 1967లో పల్సార్లు బయటపడే వరకు అది ఊహగానే మిగిలింది. గెలాక్సీలు గురుత్వ కటకాలుగా పనిచేయగలవని 1937లో చెప్పాడు. మొదటి ఉదాహరణ 1979లో, ఆయన మరణానంతరము దొరికింది. పాలోమార్ వేధశాలలో 18 అంగుళాల ష్మిట్ దూరదర్శినితో స్వయముగా వందకు పైగా సూపర్నోవాలను కనుగొన్నాడు. ఆరు సంపుటాల గెలాక్సీల జాబితా ఈయన ఆధ్వర్యములో వెలువడినదే.

ముక్కుసూటి మనిషి, కోపిష్ఠి అని పేరు. సహోద్యోగులతో సఖ్యత తక్కువ. ఆయన సిద్ధాంతాలు నిర్లక్ష్యానికి గురి కావడానికి ఇదీ కొంత కారణము కావచ్చును. అదే మనిషి రెండవ ప్రపంచ యుద్ధానంతరము టన్నుల కొద్దీ శాస్త్ర పత్రికలను సేకరించి, దెబ్బతిన్న గ్రంథాలయాలకు పంపించాడు.

1972లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకము లభించింది. రెండేళ్ళ తరువాత పసడీనాలో మరణించాడు. భౌతికకాయాన్ని స్విట్జర్లాండులోని మోలిస్‌లో ఖననము చేశారు.