గాలిని మీటిన శాస్త్రజ్ఞుడు – లెవ్ థెరెమిన్

నేటి వాద్యబృందముల వేదికలపై మనుష్యుని చేయి తగులకయే తాళము వేయు యంత్రములు కలవు. గాయకుని కంఠములోని లేక గిటారు తీగలోని స్వరస్థానమును పసిగట్టి, దానిని అంకెల ఆజ్ఞగా మార్చి, వేరొక వాద్యముచేత పలికించు పరికరములును కలవు. మొదటిదాని వెంట మనుష్యుడు నడువవలెను. రెండవది మనుష్యుని వెంట నడుచును. ఈ రెండు త్రోవలలోను తొలి అడుగులు వేసినవారిలో రష్యా దేశీయుడైన లెవ్ థెరెమిన్ ఒకడు.

అతడు 1896లో సెంట్ పీటర్స్‌బర్గు నగరమున జన్మించెను. భౌతికశాస్త్రముతోపాటు చెల్లో వాద్యమును అభ్యసించెను. 1920లో పెట్రోగ్రాడు భౌతిక సాంకేతిక సంస్థలో వాయువుల విద్యుద్ధర్మములను కొలుచు పరికరమును నిర్మించుచుండగా, తన చేయి కదలినప్పుడెల్ల దాని ధ్వని మారుట గమనించెను. మరియొకడు దానిని కొలతలోని దోషమని తలచియుండును. తీగపై వ్రేళ్లు నడపిన థెరెమిన్‌కు అందు సంగీతము వినబడెను.

అట్లు పుట్టిన వాద్యమునకు అతని పేరే స్థిరపడెను. దానిలో చెవికి వినరానంత వేగముగల విద్యుత్కంపనములు రెండు పుట్టును. ఒకటి స్థిరము, రెండవది, నిలువు కడ్డీకి కుడిచేయి సమీపించిన కొలది మారును. ఆ రెండింటి భేదమే మనకు వినబడు స్వరము. ఎడమచేయి వేరొక వంపుకడ్డీపై ఆడుచు నాదమును హెచ్చించును, తగ్గించును. మెట్లు లేవు, తీగలు లేవు. వాద్యకునికి చెవియే దిక్కు.

1922లో లెనిన్ ఈ వాద్యమును తానే వాయించి చూచెను. 1927లో థెరెమిన్ ఐరోపా నగరములలో ప్రదర్శనలిచ్చి, ఆ సంవత్సరాంతమున న్యూయార్కు చేరెను. 1928లో అమెరికాలో పేటెంటు పొందెను. ఆర్‌సీఏ కంపెనీ సుమారు 500 వాద్యములను తయారుచేసి, ఎవరైనను సులువుగా వాయింపవచ్చునని ప్రకటించెను. కొన్నవారికి అది అంత సులువుగా లొంగలేదు. చేతి బాధవలన వయొలిన్ విడిచిన క్లారా రాక్‌మోర్ అను విదుషీమణి మాత్రము సాధనచేసి, దానికి కచేరీ గౌరవము సంపాదించెను.

1931లో హెన్రీ కోవెల్ అను స్వరకర్త కోరికపై థెరెమిన్ రిథ్మికాన్ అను లయయంత్రమును నిర్మించెను. తిరుగు చక్రముల రంధ్రములగుండ కాంతి ప్రసరించి, విద్యుత్తుగా మారి ధ్వనించును. మొదటి మీట ఒక దెబ్బ వేయు కాలములో రెండవది రెండు, మూడవది మూడు, ఇట్లు పదునారవది పదునారు దెబ్బలు వేయును. మన తిశ్ర, చతురశ్ర, ఖండ గతులు ఒక్కమారే వినిపించినట్లుండును. ఏ ఒక్క వాద్యకునికిని రెండు చేతులతో సాధ్యము కాని పని అది. దానికై కోవెల్ రచించిన వాద్యబృంద కృతి అతని జీవితకాలములో వినబడలేదు. 1971లో గాని, యంత్రభాగమును కంప్యూటరుచేత పలికించి, ప్రదర్శింపబడలేదు.

1938లో థెరెమిన్ స్వదేశమునకు మరలెను. 1939లో నిర్బంధింపబడి కోలిమా శిబిరమునకు పంపబడెను. పిదప ఖైదీలైన శాస్త్రజ్ఞుల రహస్య ప్రయోగశాలకు మార్చబడెను. 1945లో సోవియట్ బాలలు అమెరికా రాయబారికి బహూకరించిన కొయ్యఫలకములో అతడు రూపొందించిన శ్రవణయంత్రము దాగియుండెను. అందు బ్యాటరీ లేదు. వెలుపలినుండి వచ్చు రేడియో తరంగమే దానిని మేల్కొలుపును. 1952 వరకు అది పట్టుబడలేదు. గాలినుండి పాటను తీసిన చేయి, అదే గాలినుండి పరుల మాటను దొంగిలింపవలసి వచ్చెను.

విడుదలైన పిమ్మట కొంతకాలమునకు మాస్కో సంగీత విద్యాలయములో మరల వాద్యములు చేయసాగెను. 1967లో ఒక అమెరికా పత్రిక అతని విషయము ప్రకటింపగా ఆ ఉద్యోగము పోయెను. వాద్యములు ధ్వంసము చేయబడెను. ఇంతలో థెరెమిన్లు తయారుచేయుచు పెరిగిన రాబర్ట్ మూగ్ 1964లో తన సింథసైజరును నిర్మించియుండెను. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదానికొకటి ఆజ్ఞలు పంపుకొను మిడి పద్ధతి వాడుకలోకి వచ్చెను.

ఈ యంత్రములకు హద్దులు కలవు. మంద్రస్వరపు కంపనము నిదానమైనది. దానిని పూర్తిగా విననిదే స్వరస్థానమేదియో పరికరము తేల్చలేదు. కావున ఆ స్వరము రవ్వంత ఆలస్యముగా పలుకును. పాడువాడు తడబడినచో అదియు తడబడును. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుని ముఖము చూచి ఒక క్షణము ఆగగలడు. తాళయంత్రము తనంత తాను అట్లు ఆగదు. బృందమే దానికి కట్టుబడవలెను. యంత్రము చేతికి వచ్చినను చెవికి సాధన తప్పదు. క్లారా రాక్‌మోర్‌కు వాద్యము లొంగినదియు, తక్కినవారికి లొంగనిదియు ఇందువలననే.

1991లో వృద్ధుడైన థెరెమిన్ అమెరికాకు మరల వెళ్లి ఆమెను కలిసికొనెను. 1993 నవంబరు 3న, 97వ ఏట మాస్కోలో మరణించెను. మెట్లు, తీగలు లేని ఆ వాద్యమును నేటికిని వేదికలపై కొందరు వాయించుచున్నారు.